సైక్ చలిలో ఉమ్మెత్తలు

గంగులమ్మది రాయచోటి పక్కన చామంతి తోటల పల్లె. పద్నాలుగేళ్లు అక్కడ కూలికి పూలు కోసింది. ఒమాన్ వచ్చాక ఆరేళ్లు ఖురియాత్‌లో, సముద్రం ఒడ్డున ఒక ఇంట్లో చేసింది. అక్కడ చేపల వాసన, ఉప్పుగాలి తప్ప చలి అన్న మాటే లేదు. ఆ ఇంటి పెద్దాయన పోయాక, వాళ్ల బంధువుల ద్వారా షంసా దగ్గర చేరింది. షంసా మస్కట్‌లో, అల్ ఖువైర్ పేటలో పెద్ద ఆఫీసరు. ఆమె అత్తగారు జోఖా మాత్రం మస్కట్‌లో ఉండనని, జబల్ అఖ్దర్ కొండ మీద సైక్‌లోని తన పాత ఇల్లు వదలనని కూర్చుంది. ఆ ముసలామెను చూసుకోవడానికి గంగులమ్మను కొండెక్కించారు.

యజమానురాలిని ఇక్కడ 'మామా' అనాలి. మొదట్లో ఆడమనిషిని పట్టుకుని మామా అని పిలవాలంటే గంగులమ్మకు నవ్వాగేది కాదు. అయిదేళ్లకు ఆ నవ్వు పోయింది.

మూడేళ్ల కిందట షంసా నాలుగు పెద్ద కుండీలు బండిలో వేసుకొచ్చింది. ఆఫీసులో అరీబా అనే స్నేహితురాలు కొమ్మలిస్తే నాటుకుందట. మస్కట్ ఎండకు అవి మొగ్గ నిలబెట్టుకోలేకపోయాయి. కొండ మీద మాత్రం సెప్టెంబరుకల్లా విరగబూశాయి. జానెడుకు మించిన పొడుగు పూలు, లేత నారింజ రంగు, సన్నాయిలు తలకిందులుగా వేలాడగట్టినట్టు ఉండేవి. పొద్దుగూకగానే వాకిలంతా వాసన. ఆకు చూడగానే గంగులమ్మ పోల్చుకుంది. ఉమ్మెత్త జాతి. ఊళ్లో పెంటదిబ్బల పక్కన మొలిచేది ఆకాశం చూస్తుంది, ఇది నేల చూస్తుంది, అంతే తేడా. విషమని తెలుసు కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగేది, జోఖా మేకలు అటు రాకుండా కంచె కట్టింది. మేక తినదు, మనిషి తినడు, నీళ్లెందుకు దండగ అని జోఖా గొణిగేది.

ఆ జనవరి చివర ఒక పొద్దున తలుపు తీస్తే రాతిగోడ మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. కొండెక్కాక ఇట్లా ఎప్పుడూ చూడలేదు. మంచు అంటే గంగులమ్మకు తెలిసింది తెల్లారుజామున చామంతుల మీద ఉండే తడి. అది పువ్వుకు మేలే చేస్తుంది. ఇది అట్లా కాదు. నాలుగు చెట్ల ఆకులూ ఉడకబెట్టిన తోటకూరలా నల్లగా వాలిపోయాయి. ఫోన్లో చూపిస్తే, చూడ్డానికి అసహ్యంగా ఉంది, నల్లబడిందంతా కత్తిరించెయ్యమంది షంసా. కత్తిరించింది. పది రోజులు ఎండ కాసేసరికి మోళ్ల మీద పచ్చటి చిగుళ్లు వచ్చాయి. మార్చి మొదట్లో మళ్లీ పడిన చలికి ఆ చిగుళ్లూ మాడిపోయాయి. ఆ ఏడు అక్టోబరు దాకా ఒక్క పువ్వు లేదు. అడిగిన వాళ్లందరికీ షంసా ఒకటే చెప్పింది, పనిమనిషి కప్పడం మర్చిపోయిందని. కప్పమని ఎవరూ చెప్పనేలేదు. ఆ మాట గంగులమ్మ గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది.

రెండో చలికాలానికి డిసెంబరులోనే మొదలుపెట్టింది. షంసా ఏదో వీడియో చూసి ప్లాస్టిక్ షీట్ పంపింది. అదే కప్పితే, షీట్ ఆనిన చోటల్లా ఆకు మాడింది, ఆనని చోట బాగుంది. దాంతో ఆమెకు సంగతి అర్థమైంది. కప్పేది ఆకును తాకకూడదు.

కింద ఒక గెస్ట్‌హౌస్ కడుతున్న సైట్లో జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన నర్సింగ్ అనే అతను పని చేసేవాడు. దుకాణంలో ఆమె ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని పలకరించిన మనిషి. అతన్ని అడిగితే మిగిలిపోయిన పైపు ముక్కలు, గోనె సంచులు తెచ్చిచ్చి, పందిరిలా నిలబెట్టి కూడా పోయాడు. గంగులమ్మ దాని మీద పాత దుప్పట్లు పరిచి, కుండీల్లో మట్టి మీద ఎండుగడ్డి వేసి, పొద్దు వాలకముందే కప్పేది. పొద్దున ఎండ తగలగానే తీసేది. మూడో రోజుకు మందపాటి దుప్పటి మాయమైంది. వెతికితే మేకల కొట్టంలో ఉంది. అడిగితే జోఖా, మేకలు పాలిస్తాయి, నీ చెట్లేమిస్తాయి అంది. గంగులమ్మ పళ్లు కొరుక్కుని మళ్లీ గోనెలు కుట్టుకుంది. రోజూ కప్పడం, తీయడం, రెండు నెలలు. ఆకు చెక్కుచెదరలేదు.

ఫిబ్రవరి నడుమ ఎండ ముదిరింది. ఆప్రికాట్ చెట్లు పూత పట్టాయి. అప్పుడు షంసా ఫోను చేసింది. శుక్రవారం ఆఫీసు వాళ్లు పద్నాలుగు మంది వస్తున్నారు, అరీబా కూడా వస్తోంది, ఆ గుడ్డపేలికలన్నీ తీసెయ్యమంది. చలి పోలేదు మామా అంది గంగులమ్మ. పక్కన కూర్చున్న జోఖా కూడా తలెత్తి, "బాకీ బర్ద్" అంది. చలి ఇంకా బాకీ ఉందని. ఆప్రికాట్ పూత చూసి మోసపోవద్దని, పూత మీదే ఆఖరి చలి పడుతుందని ముసలామె ఎప్పుడూ అనే మాటే. ఫోన్లో వాతావరణం చూశాను, ఏమీ లేదంది షంసా.

గురువారం ఆమె వచ్చీ రాగానే డ్రైవరు చేత పందిరి పీకించింది. దుప్పట్లు, గోనెలు కొట్టుగదిలో పడేయించి తాళం వేసి, తాళంచెవి తన సంచిలో వేసుకుంది. నాలుగు కుండీలూ లోయ వైపు గోడ పొడుగునా వరసగా నిలబడ్డాయి. శుక్రవారమంతా ఫోటోలే. సాయంత్రానికి ఆకాశం అద్దంలా తేటపడింది, గాలి ఆగింది. గంగులమ్మ వంటింట్లో గిన్నెలు తోముతూ చెయ్యి కిటికీ బయటికి పెట్టి చూసింది. చేతులు తుడుచుకుని వెళ్లి షంసాను తాళంచెవి అడిగింది. షంసా వచ్చినవాళ్ల ముందు నవ్వుతూనే, వీళ్లు వెళ్లేదాకా ఆ పేలికలు బయట పెట్టొద్దు అని పంపేసింది.

గంగులమ్మ తన గదిలోకి వెళ్లి, తను కప్పుకునే రెండు దుప్పట్లు, శాలువ తెచ్చి, చీపురుకట్టలు దన్నుపెట్టి, చివరి రెండు చెట్లకు కప్పింది. మిగతా రెండింటికి ఏమీ లేదు. ఆ రాత్రి స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని పడుకుంది.

పొద్దున కప్పని రెండు చెట్లూ మొదలు నుంచి కొస దాకా నల్లబడ్డాయి. కప్పినవి సగం మిగిలాయి. ఆఫీసు వాళ్లు టీ గ్లాసులతో బయటికొచ్చారు. షంసా చూసి, అందరి ముందూ, పోయినేడూ ఇట్లాగే మర్చిపోయావు, ఈసారీ మర్చిపోయావా అంది.

పదకొండేళ్లలో గంగులమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఆ పొద్దున మాత్రం వచ్చిన అరబ్బీలో, రానిచోట హిందీలో, నిదానంగానే చెప్పింది.

"నేను మర్చిపోలేదు మామా. పోయినేడూ మర్చిపోలేదు, కప్పమని ఎవరూ చెప్పలేదు. నిన్న తాళంచెవి అడిగితే మీరు ఇవ్వలేదు. ఆ రెండింటి మీదున్నవి నేను కప్పుకునే దుప్పట్లు."

అరీబా వెళ్లి చెట్టు మీద శాలువను చేత్తో తడిమి చూసి, తిరిగి షంసా వైపు చూసింది. షంసా మొహం ఎర్రబడింది. మధ్యాహ్నం బండెక్కుతూ, నాలుగూ పీకి పారెయ్, మళ్లీ వచ్చేసరికి కనపడకూడదు అని మాత్రం అంది.

గంగులమ్మ పీకలేదు. షంసా మీది కోపంతో ఆ పొద్దే పీకి లోయలో విసిరేద్దామనీ అనిపించింది. నర్సింగ్ వచ్చి చూసి, "ఇగ ఇవి వోయినట్టే అక్కా, ఎందుకు గోస పడతవ్" అన్నాడు.

"పోతే నా చేతిలో పోనీ నాయనా. ఆమె చేతిలో పోకూడదు" అంది.

ఈసారి నల్ల కొమ్మలు కత్తిరించలేదు. కత్తిరిస్తే చిగురేస్తుంది, చిగురేస్తే మళ్లీ చలి తింటుంది. కుండీలు ఇంటి వెనక్కి లాగించి, మాడిన కొమ్మల్ని అట్లాగే ఉంచి, నర్సింగ్ మళ్లీ తెచ్చిచ్చిన గోనెలు చుట్టింది. మార్చిలో ఇంకో రెండుసార్లు గోడ తెల్లబడింది. ఏప్రిల్‌లో గులాబీలు కోసే రోజులొచ్చాక గోటితో బెరడు గీకి చూసింది. మూడింటికి అడుగున పచ్చగా ఉంది. అక్కడికి కోసేసింది. నాలుగోది వేరు దాకా కుళ్లిపోయింది, దాన్ని పారేసింది. చెట్లెందుకున్నాయని షంసా అడగలేదు, గంగులమ్మ చెప్పలేదు.

సెప్టెంబరులో మూడూ పూశాయి. షంసా ఫోటోలు పెట్టి, చలి నుంచి వీటిని ఎట్లా కాపాడుకున్నానో చూడండి అని రాసుకుంది. నర్సింగ్ తన ఫోన్లో అనువాదం చేసి వినిపించాడు. ఆ పూట గంగులమ్మ వెల్లుల్లిని రోట్లో మెత్తటి పేస్టయ్యేదాకా దంచింది.

నవంబరు రాగానే చెట్లకు చోటిమ్మని జోఖాను అడిగింది. గులాబీనీరు కాచే పాత మట్టిగది ఏప్రిల్ దాకా ఖాళీయే. ముసలామె, ఏప్రిల్ ఒకటికి నా గది నాకు కావాలి అంది. నర్సింగ్ ఇద్దరిని తెచ్చి కుండీలు లోపలికి చేర్చాడు. రెండు రోజులకు షంసా ఫోను. కొత్త సంవత్సరానికి చుట్టాలొస్తారు, అప్పటిదాకా బయటే ఉండనీ అంది.

"అవి లోపలికి పోయినాయి మామా. ఏప్రిల్ దాకా రావు" అంది గంగులమ్మ.

షంసా మాట మార్చి, అత్తగారి మందులు అయిపోయాయా అని అడిగింది.

గదిలో వెలుతురు చాలక, డిసెంబరు చివరికి ఆకులన్నీ పసుపుబడి రాలిపోయాయి. చలి కొట్టలేదు, అయినా రాలాయి. గంగులమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. బయట దానిమ్మలూ బోసిగానే ఉన్నాయి కదా, వాటికి ఏడుస్తున్నావా అంది జోఖా గుమ్మంలో నిలబడి.

"దానిమ్మ సంగతి నీకు తెలుసు. దీని సంగతి ఈ కొండ మీద ఎవరికి తెలుసు" అని తెలుగులో గొణుక్కుంటూ, గంగులమ్మ వేరు ఎండకుండా ఒక్కో కుండీలో గ్లాసుడు నీళ్లు మాత్రం పోసి తలుపు మూసింది.