భూమేష్ చేయని ప్రమాణం

మా గదిలో వంట భూమేష్‌ది. పగలంతా పైపుల పని, సాయంత్రం తొమ్మిది మందికి అన్నం. నోట్లో నాలుక లేని మనిషి. తొంభై ఒకటిలో రియాద్ మీద ఇరాక్ స్కడ్ క్షిపణులు పడుతుంటే, మలాజ్ పేటలోని ఆ గదిలో అతణ్ణి వెలివేశాం. కారణం నేను.

కంపెనీ మాకు ఐదే గ్యాస్ మాస్కులిచ్చింది. నాకూ భూమేష్‌కూ రాలేదు. సైరన్ మోగితే మాస్కులున్నవాళ్ల ముఖాలే చూసేవాణ్ణి. మా గదిలోని జనార్దన్ మాస్కు తీసి, నా పెట్టెలో లుంగీ కింద దాచాను.

మేస్త్రీ మొండయ్య మా పెద్దమనిషి. విషయం మా అరబ్బు యజమాని, కఫీల్ దాకా పోవద్దని, మన ఊరి పద్ధతి పెట్టాడు. అందరూ స్నానం చేసి, తడిబట్టలతో, అతని పెట్టె మూత లోపల అంటించిన అంజన్న పటం ముట్టి ప్రమాణం చేయాలి. చేశాను. చెయ్యి పడిపోతుందనుకున్నా, ఏమీ కాలేదు. భూమేష్ మాత్రం పటం ముట్టనన్నాడు. ఎందుకో చెప్పడు. ఇంకేం, దొంగ దొరికాడు!

వెలి అంటే అతనితో మాట లేదు, పొత్తున తినడం లేదు. పలకరించినవాడికీ అదే శిక్ష. మూడోనాడు పొద్దుగూకి, మగ్రిబ్ నమాజు వేళ సైరన్ మోగింది. విషవాయువు రాకుండా కిటికీలకు ప్లాస్టిక్ అంటించిన లోపలి గదిలోకి ఉరికి గడియ పెట్టాం. భూమేష్ బయటి నుంచి తలుపు కొట్టాడు. మొండయ్య తల వంచుకున్నాడు. గడియ దగ్గరున్నది నేనే. ఎక్కడో పేలింది, తలుపు అదిరింది, కొట్టడం ఆగిపోయింది. చచ్చాడనుకున్నాను. చస్తే నా సంగతి ఎవరికీ తెలియదని కూడా అనుకున్నాను. ఛీ, నా బతుకు!

తలుపు తీస్తే అక్కడే ఉన్నాడు, ముఖానికి తడి తువ్వాల చుట్టుకొని.

శుక్రవారం బతా బజారు నుంచి గుండుతో వచ్చాడు. మీసం కూడా లేదు. మొండయ్యే తన కట్టడి తప్పి అడిగాడు.

"నన్ను గన్న అవ్వ సచ్చిపోయిందని ఉత్తరమచ్చింది కాకా. మైలల దేవున్ని ఎట్ల ముట్టాలె? బాంబులు పడంగ సావు మాట తియ్యద్దని నువ్వే అంటివి."

మొండయ్య ఏడ్చాడు. తర్వాత మిగిలిన మా వైపు చూసి, మళ్లీ స్నానాలు చేయమన్నాడు. నేను నా పెట్టె మీద కూర్చున్నాను.

"వద్దు కాకా," అన్నాడు భూమేష్. "తలుపవతల ఎట్లుంటదో నాకెర్కైంది. ఇంకొకన్ని నిలవెట్టద్దు."

ఆ సాయంత్రమే మళ్లీ సైరన్. ఈసారి అందరం లోపలున్నాం. పెట్టెలోని మాస్కు పెట్టుకుంటే దొరికిపోతాను. గోడకు ఆనుకున్నాను. భూమేష్ తన తడి తువ్వాలను రెండుగా చింపి, సగం నా చేతిలో పెట్టాడు.

"నీకు సుత మాస్కు లేదు గద. మూతికి వట్టు."