కారవాన్ బ్రేకు పట్టిన రోజు

మా కఫీల్ బాబా, అంటే నన్ను డ్రైవరుగా పెట్టుకున్న అరబ్బు యజమాని, కోపం వస్తే అరవడు. బండి తాళాలు నా చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకుంటాడు, అంతే. ఆ బుధవారం అలాగే వేసుకున్నాడు.

తప్పు కారవాన్‌ది. అదొక చక్రాల ఇల్లు. ఏడాదిలో ఎక్కువ భాగం టార్పాలిన్ కప్పుకుని మా వాకిట్లో పడి ఉంటుంది. చలికాలం రాగానే దాన్ని పెద్ద బండి వెనక తగిలించి వఫ్రా దిక్కున ఇంటివాళ్ళు ఎడారిలో వేసే క్యాంపుకు లాక్కుపోవడం నా పని. దానికి సొంతంగా కరెంటు బ్రేకులున్నాయి. నేను బ్రేకు తొక్కితే నా మోకాలి దగ్గరున్న చిన్న పెట్టె వెనక్కి కరెంటు పంపుతుంది, అక్కడ చక్రాల లోపలున్న అయస్కాంతాలు డ్రమ్ములను పట్టుకుంటాయి. ఆ రోజు పట్టుకోలేదు. సిగ్నల్ దగ్గర నేను ఆగాను, నా వెనకున్న ఇల్లు ఆగలేదు. వీపు మీద చరిచినట్టు ఒక్క నెట్టు నెట్టింది. పక్క సీట్లో బాబా. రేపు మధ్యాహ్నానికి ఇది బాగుపడకపోతే మేం మా తమ్ముడి గుడారంలో ఉంటాం, నువ్వూ వంటమనిషీ ఇంట్లోనే ఉండండి అనేశాడు.

ఎడారి మీద నాకేమీ మోజు లేదు. టీలో కూడా ఇసుకే. కానీ మా ఇంటి మామాకు, అంటే బాబా భార్యకు, ఒక చెల్లెలు ఉంది, వాళ్ళూ అక్కడికే వస్తారు. ఆ చెల్లెలి ఇంట్లో పనిచేసేది నా భార్య. వాళ్ళది జహ్రా, మాది సాల్మియా. ఒకే దేశంలో ఉన్నామన్న పేరే గానీ మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ క్యాంపులోనే. మిగతా రోజుల్లో ఫోన్లో "తింటివా?" "తింటి" అనుకోవడంతో సరి. ఈసారి తప్పితే మళ్ళీ ఎప్పుడో దేవుడికే తెలియాలి. అందుకే నాకంత కంగారు.

మర్నాడు పొద్దున్నే బాబాను బతిమాలి తాళాలు తెచ్చుకుని, జాకీ పెట్టి ఒక్కో చక్రాన్ని పైకి లేపాను. డ్రమ్ము వెనక రబ్బరు మూత తీస్తే లోపల చిన్న పళ్ళ చక్రం కనబడుతుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ పోతే బ్రేకు షూలు బిగుస్తాయి. కారవాన్ చక్రం కదలనంత బిగించి, ఆపైన కాస్త వదలాలి. చేత్తో తిప్పితే సన్నగా రాసుకునే చప్పుడు రావాలి. అన్నిటినీ అలా సర్ది వీధిలో ఒక చుట్టు తిప్పాను. అదే నెట్టు. కరెంటు ఎక్కువ పంపమని పెట్టె మీది మరను చివరికంటా తిప్పాను. అయినా అంతే. నాకు ఒళ్ళు మండి టైరును ఒక తన్ను తన్నాను. దానికేం కాలేదు, నా కాలివేలు వాచింది.

కుంటుకుంటూ వెళ్ళి మా వంట అక్కను పిలిచాను. ఆమెది రాజంపేట పక్క. తీసుకొచ్చి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను.

"ఈ పెట్టె మీద మీట ఉంది సూడు. నేను చెప్పినప్పుడు నొక్కి పట్టుకో అక్కా."

"పేలిపోతాదేమో రా అబ్బీ!"

"పేలదు. నొక్కు."

నా ఫోన్లో కిబ్లా చూపే యాప్ ఉంది. ఎడారిలో నమాజు వేళకు ఏ దిక్కుకు తిరగాలో బాబా నన్నే అడుగుతాడు. అయస్కాంతం దగ్గర దాని ముల్లు కదలాలి కదా అని ఫోను చక్రం పక్కన పెట్టాను. అక్క నొక్కినప్పుడు ముల్లు కదిలింది గానీ, ఏదో మొహమాటానికి కదిలినట్టు కదిలింది. అన్ని చక్రాల దగ్గరా అదే తంతు. ఇండికేటర్ వేస్తే వెనక దీపం గుడ్డిగా వెలిగింది, ముల్లు ఇంకా నీరసించింది. అంటే అయస్కాంతాలు బాగానే ఉన్నాయి, అన్నిటికీ కలిపి ఒకేచోట కరెంటుకు ఏదో అడ్డుపడుతోంది. రెండు బండ్లనూ కలిపే ప్లగ్గు పీకి చూశాను. కరెంటు తిరిగొచ్చే పిన్ను చుట్టూ పచ్చగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీకి వాసన చూస్తే గంధం.

"అక్కా! దీంట్లో గంధం ఎవురు పూసినారు?"

"నేనే. దసరాకు."

దసరాకు ఆయుధపూజ చేసిన మాట నిజమే. ఇంటివాళ్ళు బయటికి వెళ్ళిన పూట నా స్పానర్లకు, జాకీకి, అక్క కత్తులకు, కుక్కరుకు బొట్లు పెట్టుకున్నాం. ప్లగ్గు దాకా వెళ్ళిందని మాత్రం నాకు తెలియదు.

"దీనికి యాల పెట్టినావు?"

"బండికి ఉసురంతా దీంట్లోనే ఉందని నువ్వే అంటివి కదబ్బా! ఉసురుండే కాడ ఇడ్సిపెట్టి ఉత్త టైర్లకు పూసేదా?"

తిడదామని నోరు తెరిచాను, నవ్వొచ్చింది. పుల్లకు గరుకు కాగితం చుట్టి పిన్నులన్నీ మెరిసేదాకా రుద్దాను. ఈసారి అక్క మీట నొక్కగానే ముల్లు గిర్రున తిరిగింది. బాబా స్వయంగా వచ్చి పక్కన కూర్చుని వీధిలో ఒకసారి ఆపించి చూశాడు. కారవాన్ బుద్ధిగా ఆగింది. "యల్లా" అన్నాడు, ఇక పదండి అని. నా సంతోషం అంతా ఇంతా కాదు.

కానీ పొద్దున మరను చివరికంటా తిప్పి పెట్టాను కదా, ఇప్పుడు కరెంటు నిండుగా అందేసరికి బ్రేకులు అతిగా పట్టడం మొదలుపెట్టాయి. దారిలో కొంచెం తగ్గించాను. అది చాలలేదు. క్యాంపు దగ్గర కంకర నేల మీద ఆపగానే కారవాన్ చక్రాలు బిగుసుకుపోయి చారలు గీసుకుంటూ జారాయి. బాబా దిగి ఆ చారలు చూశాడు. సామాను దించాక, ఎవరినైనా తోడు తీసుకుపోయి సరిచేసుకు రా అన్నాడు.

తోడంటే అక్కే కదా. ఆమె మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. "నా కాళ్ళు పీకతాండాయి, నేను ఎక్కలేను" అని మామా చెల్లెలిని అడిగి, చాయ్ గ్లాసులు కడుగుతున్న నా భార్యను పంపించింది. గంధానికి అది పరిహారమని నాకు అర్థమైంది.

మా ఆవిడ అలవాటుగా వెనక తలుపు తీయబోయింది. ముందుకు రమ్మన్నాను. తడి చేతులు చున్నీకి తుడుచుకుని ఎక్కి కూర్చుంది. ఈ దేశానికి వచ్చాక ఆమె ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు. పక్క అద్దంలో చక్రం చూస్తుండు, తిరుగుతుందో ఈడ్చుకుంటుందో చెప్పు అన్నాను. మెల్లగా పోనిచ్చి మీట నొక్కాను.

"ఈడ్సుకుంటాంది."

మర కాస్త తగ్గించాను. మళ్ళీ పోనిచ్చి నొక్కాను. ఇంకా ఈడ్చుకుంటోందంది. మరోసారి తగ్గించాను. ఈసారి కారవాన్ మెత్తగా ఆగింది, జారలేదు, నెట్టలేదు. ఇక ఒక్క వెంట్రుక కూడా తిప్పే పని లేదు.

"సరిపోయింది. పోదామా?" అన్నాను.

ఆమె అద్దంలోంచి చూపు తిప్పలేదు.

"ఏమో, సరిగ్గా సూడలేదు నేను. ఇంగొక తూరి పట్టి సూడు."

బండి క్యాంపు వైపు కాకుండా, ఖాళీగా ఉన్న దారి వైపు తిప్పాను.