చింతపండు చుక్క తడవలేదు

మా కొట్లో తక్కెడ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. నన్ను ఎరిగినవాళ్లు ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నవ్వనివ్వండి.

మాది గుమ్మలక్ష్మీపురంలో కిరాణా కొట్టు. వేసవి వచ్చిందంటే కొట్లో కన్నా ఇంటి వెనక గచ్చు మీదే పని ఎక్కువ. సంతలో కొన్న చింతపండు, పసుపు, మా ఆవిడ పెట్టిన వడియాలు అన్నీ అక్కడే ఎండాలి. కొండ మీద మబ్బు కమ్మితే ఎవరు ఏది లోపలికి చేర్చాలో ముందే పంచుకుంటాం. నాకూ తమ్ముడికీ చింతపండు, మరదలికి పసుపు, మా ఆవిడకి వడియాలు. అమ్మ పని కోతుల్ని తోలడం. గచ్చు చివర పనసచెట్టు కింద నులకమంచం మీద కర్ర పట్టుకుని కూర్చుంటుంది. మోకాళ్లు పట్టేశాయి, ఒకరు చెయ్యిస్తే గాని లేవలేదు.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం గాలి కొండ మీంచి ఏనుగుల మందలా దిగింది. పక్కింటి రేకులు ఊడి కరెంటు తీగల్ని తెంపేశాయి. ఒక రేకు నా చెవి పక్కనుంచి దూసుకుపోయి అరటిచెట్టు తల నరికేసింది.

"బేగి రా అన్నియ్యా, టార్పాలిన్ లేచిపోతంది!" అని తమ్ముడు కేక వేశాడు.

చెరో అంచూ పట్టుకున్నాం. అది మా ఇద్దర్నీ నేల మీంచి లేపి గోడకేసి కొట్టింది. తమ్ముడి పెదవి చీలింది. నెత్తురు ఉమ్ముకుంటూనే బస్తా ఎత్తాడు.

"సరుకు మీద పడకుండా ఉమ్మరా!"

"నీ మొహం మీద ఉమ్ముతాను, ఉండు!"

ఆఖరి బస్తా గడప దాటిందో లేదో వడగళ్లు మొదలయ్యాయి. కొబ్బరికాయలంత ఉన్నాయి. పెంకులు పగిలి ముక్కలు నట్టింట్లో పడుతున్నాయి. పెరట్లో కోడి ఒక్క దెబ్బకే కాళ్లు చాపేసింది. తలుపు బిడాయించి అందరం ఊపిరి పీల్చుకున్నాం. వడియాలు క్షేమం, పసుపు క్షేమం, చింతపండు చుక్క తడవలేదు.

"అత్తమ్మేరండీ?" అంది మా ఆవిడ.

"నువ్వు తేలేదా?"

"నాను వడియాలు కదా తెచ్చేను! మీరు తెచ్చేరనుకున్నాను."

తమ్ముడు మరదలి మొహం చూశాడు, మరదలు నా మొహం చూసింది. మా పంపకంలో అమ్మ ఎవరి వంతుకూ రాలేదు.

నేను ఇత్తడి గుండిగ నెత్తిన బోర్లించుకుని బయటికి ఉరికాను. తమ్ముడు ఖాళీ బస్తా కప్పుకుని నా వెనకే వచ్చాడు. వడగళ్లు భుజాల్ని, వీపుని చితక్కొడుతుంటే మోకాళ్ల మీద పాకాం. కళ్లముందే పనసకొమ్మ ఫెళ్లుమని విరిగి మంచాన్ని రెండు ముక్కలు చేసింది. "అమ్మా!" అని తమ్ముడు అరిచిన అరుపు ఆ మోతలోనూ వినబడింది.

మంచం మీద అమ్మ లేదు. ఆ పక్కనే చింతపండు పోసే పెద్ద గంప బోర్లా పడి ఉంది. అది కదులుతోంది. కొమ్మల్ని లాగిపారేసి గంప ఎత్తాం. మంచం మీంచి దొర్లి గంపని మీదికి లాక్కున్నట్టుంది, కింద ముడుచుకుని అమ్మ. నుదుటి మీంచి నెత్తురు కళ్లలోకి కారుతోంది.

"ఒచ్చేరేట్రా?" అంది. "చింతపండుకి జలుబు సేత్తాదని దాన్ని ముందు లోపలెట్టేరేటి? రేపట్నుంచి నన్నూ బస్తాలో ఏసి మూతి కుట్టండి, అప్పుడు గేపకం ఉంటాను!"

ఈ కథలో నేను కల్పించింది ఆ మాటలే. వడగళ్ల సైజు గురించి నాతో ఎవరూ బేరమాడొద్దు. అమ్మ ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు. గంప ఎత్తగానే నా ముంజేయి పట్టుకుంది. ఆసుపత్రిలో నుదుటికి కుట్లు వేస్తున్నా వదల్లేదు, గోళ్లు దిగిపోయాయి. తిట్టి ఉంటే ఎంత బాగుండునో అనిపించి, చెప్పినప్పుడల్లా ఆ తిట్లు కలిపాను. మొన్న చుట్టాలెవరో నిజమేనా అని అమ్మనే అడిగారు.

"అన్నాను మరి, అననేటి!" అంది అమ్మ. నాకు తట్టని తిట్లు ఇంకో రెండు కలిపింది.