సూదమ్మ చేతిరుమాళ్ళు

మా అక్క దెయ్యాల సినిమాల మీద తీర్పులు చెబుతుంది. వాటిని టైపు చేసి ఇంటర్నెట్‌లో పెట్టేది నేను. నేను మాత్రం ఒక్క దెయ్యాల సినిమా కూడా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. ఈ సంగతి ముందే కక్కేస్తే నాకు మనశ్శాంతి. ఎందుకంటే మా పేజీ చదివే పదకొండు వేల మందీ దాన్ని నడిపేవాడు గుండెలు తీసిన బంటనే నమ్ముతున్నారు. నేను మందుల షాపులో పనిచేస్తాను. గదిలో బల్లి కనిపిస్తే అది సర్దుకుని వెళ్ళేదాకా ఆ గది దానిదే.

అక్క దర్జీ. లాండ్రీ షాపు పైన రెండు గదుల వాటాలో ఉంటుంది. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, ఎదురుగా టీవీ. ప్యాంట్లు పొట్టి చేయడం, స్కూలు యూనిఫారాల అంచులు మడవడం, కర్టెన్లు కుట్టడం ఆవిడ పని. వీధి మొత్తం మీద చేతికుట్టు అంటే ఆవిడ పేరే చెబుతారు. బావ పోయాక పదేళ్ళుగా ఆ సూదే ఆవిడకి తిండి పెడుతోంది. నాకు పెళ్ళి కాలేదు కాబట్టి ఆదివారం భోజనం అక్క దగ్గరే. భోజనాలయ్యాక సరిగ్గా రెండు గంటలకి సినిమా.

"చీకట్లో ఎవడైనా భయపెడతాడ్రా," అంటుంది అక్క. "పట్టపగలు, కడుపునిండా తిన్నాక భయపెట్టాలి. అదీ పనితనం."

ఆవిడ తీర్పు చెప్పే పద్ధతి మరెవరికీ లేదు. చాలా ఏళ్ళ క్రితం ఒకాయన ప్యాంటు అంచు కుడుతూ సినిమా చూసిందట. బీరువాలోంచి ఏదో బయటికొచ్చే సమయానికి చెయ్యి అదిరింది. ఆయన మర్నాడు వచ్చి, "ఏంటమ్మా, ఈ కాలి మీద పీత నడిచినట్టుందే!" అన్నాడు. అక్క సిగ్గుపడలేదు సరికదా, ఆలోచనలో పడింది. అప్పటినుంచి ఒక్కో సినిమాకీ ఒక్కో తెల్ల చేతిరుమాలు. సినిమా మొదలవగానే అంచు మడిచి కుట్టడం మొదలుపెడుతుంది. అయిపోగానే ఆపేస్తుంది. అందులో ఎన్ని కుట్లు వంకరపోతే సినిమాకి అన్ని మార్కులు.

"నోరు అబద్ధమాడుతుంది. చెయ్యి ఆడదు," అని ఆవిడ సిద్ధాంతం.

పది వంకరల లోపు వస్తే పిల్లలకి చూపించుకోవచ్చు. ఇరవై దాటితే ఒంటరిగా చూడొద్దు. నిరుటి దాకా రికార్డు ముప్పై ఎనిమిది. అది 'తడిచెప్పులు' అనే సినిమాది. అందులో రక్తం లేదు, అరుపులు లేవు. ఒంటరిగా ఉండే ఒకాయన గుమ్మం ముందు రోజూ పొద్దున్నే ఒక తడిసిన చెప్పుల జత ఉంటుంది, అంతే. ఆ కథ అక్క చెబుతుంటే టైపు చేసిన పాపానికి నేను వారం రోజులు నా చెప్పులు మంచం మీద పెట్టుకుని పడుకున్నాను.

వంకరలు లెక్కపెట్టడం నా పని. సినిమా నడుస్తున్నంతసేపూ చెవుల్లో దూది పెట్టుకుని వంటింట్లో గిన్నెలు తోమేవాణ్ణి. అక్క గిన్నెలంత శుభ్రమైనవి ఆ వీధిలో లేవు. తర్వాత బయటికొచ్చి, కిటికీ వెలుగులో గుండుసూదితో ఒక్కో వంకరనీ ముట్టుకుంటూ లెక్కపెట్టేవాణ్ణి. అన్నేళ్ళు లెక్కపెట్టాక సినిమా చూడకుండానే దాని కథ నాకు తెలిసిపోయేది. వంకరలు ఎప్పుడూ గుత్తులుగా వస్తాయి. నాలుగు వేళ్ళ మేర తిన్నని కుట్టు, తర్వాత గజిబిజిగా ఆరో ఏడో, మళ్ళీ తిన్నని కుట్టు. భయం కూడా మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకోవాలి కదా.

చదివేవాళ్ళు ఆవిడకి సూదమ్మ అని పేరు పెట్టారు. ఏం చూడమంటారని ఎవరైనా అడిగితే అక్క ముందు వాళ్ళ ఇల్లు ఎలా ఉంటుందో అడుగుతుంది. కొత్తగా ఇల్లు మారినవాడికి ఇంట్లో దెయ్యం సినిమా చచ్చినా చెప్పదు. కొత్తగా పెళ్ళయిన జంట అడిగితే పాతిక వంకరల సినిమా ఒకటి చెప్పి, "ఇద్దరూ కలిసి టీవీ మీద అరవండి. ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకోవడం కాస్త తగ్గుతుంది," అని రాయించింది.

ఇలా సాఫీగా సాగిపోతున్న బండి ఈ ఏడాది గోతిలో పడింది. వరసగా ఏడు సినిమాలకి ముప్పై దాటి వంకరలొచ్చాయి. జనం మొదట సంబరపడ్డారు. తర్వాత మా పాత పాఠకుడు ఒకాయన, లిఫ్టు మెకానిక్కు, ఇలా రాశాడు: "సూదమ్మగారూ, లిఫ్టులో దెయ్యం సినిమాకి ముప్పై నాలుగన్నారు. ఆ లిఫ్టుకి తలుపు ఊడిపోయినా నడుస్తోంది. నేను సగంలోనే గుర్రుపెట్టాను. మా ఆవిడ ఉలిక్కిపడింది దెయ్యానికి కాదు, నా గురకకి."

"వాడికి భయం ఇంకిపోయింది. అలాగే రాసెయ్," అంది అక్క.

రాసేశాను. ఆ పై వారం దెయ్యం పట్టిన బొమ్మ సినిమా ఒకదానికి నలభై ఒకటి వచ్చాయి. 'తడిచెప్పులు'ని దాటిపోయింది! జనం మా మీద పడిపోయారు. సూదమ్మ సినిమా వాళ్ళ దగ్గర ఏదో పుచ్చుకుందని ఒకడు, అమ్ముడుపోయిందని ఇంకొకడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్యాంటు జేబులో దొరికిన గుండీని కూడా కాగితంలో చుట్టి వెనక్కిచ్చే మనిషిని పట్టుకుని ఎంత మాట! ఆ ఆవేశంలో, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని సాహసానికి పూనుకున్నాను. ఈ ఆదివారం సినిమా నేనే చూసి, ఎంత భయంకరంగా ఉందో నా కలంతో నేనే సాక్ష్యం రాస్తానన్నాను.

"నీకెందుకురా ఈ శ్రమ? గిన్నెలున్నాయి చూసుకో," అంది అక్క. ఆ తొందర ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మూతపడ్డ ఫ్యాక్టరీలో దెయ్యం సినిమా అది. దిండు పొట్టకి హత్తుకుని, ఒక కన్ను మూసి, రెండోది సగం తెరిచి కూర్చున్నాను. దెయ్యం వచ్చింది. ముఖానికి పౌడరు దట్టించుకుంది గానీ చెవులు మర్చిపోయింది. గాల్లోకి లేస్తుంటే నడుముకి కట్టిన తీగ కనిపించింది. నేను రెండో కన్ను కూడా తెరిచాను. కాసేపటికి దిండు పక్కన పడేశాను. ఆ తర్వాత, నా జీవితంలో మొదటిసారి, ఒక దెయ్యాన్ని చూసి పకపకా నవ్వాను.

నవ్వుతూ అక్క వైపు తిరిగాను. ఆవిడ టీవీ చూడటం లేదు. తెగిన దారం మళ్ళీ సూదిలోకి ఎక్కిస్తోంది. దారం బెజ్జం పక్కనుంచి పోయింది. కొస నోట్లో తడిపి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ పక్కకే పోయింది. తెర మీద దెయ్యం రెండు హత్యలు పూర్తి చేసేసరికి అక్క దారం ఎక్కించడం పూర్తిచేసింది.

సినిమా అయిపోయింది. రుమాలు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఆరు వంకరలు. కానీ గుత్తులు లేవు. పేర్లు పడుతున్నప్పుడు ఎన్ని వంకరలో చివర్లో కూడా అన్నే, మొదటినుంచీ చివరిదాకా సమంగా పరుచుకుని ఉన్నాయి. పెట్టెలోంచి బొమ్మ సినిమా రుమాలూ, లిఫ్టు సినిమా రుమాలూ తీశాను. అవీ అంతే. ఇన్ని వారాలూ అంకె చూసుకుని మురిసిపోయాను గానీ కుట్టు చూడలేదు, బుద్ధిలేనివాణ్ణి. వారం క్రితం అక్క నా చొక్కా మెడకి కుట్టిన గుండీ తడుముకున్నాను. కాజాకి అరంగుళం పక్కన ఉంది. అందుకే వారంగా నా మెడ ఒకవైపుకి లాగుతోంది. అది గ్యాస్ అనుకుని నేను మాత్రలు మింగుతున్నాను.

"భయంకరంగా లేదూ?" అంది అక్క.

"అక్కా, నాకు నవ్వొచ్చింది."

ఆవిడ సూదిని డబ్బాలో పెట్టి మూత వేసింది. "నీకే నవ్వొచ్చిందంటే ఇంక దాపరికం ఎందుకులే," అంది.

ఎడమ కన్నంతా మసక అట. చలికాలం నుంచీ. కుడి కన్ను కూడా అదే దారి పడుతోందట. బట్ట వంకరగా వచ్చిందేమిటని ఎవరైనా అడిగితే, సినిమా చూస్తూ కుట్టానమ్మా, హడలిపోయాను అని చెబుతోందట. వీధిలో అందరూ మా పేజీ చదివేవాళ్ళే. ఆ మాట నిలబడాలంటే సినిమా భయంకరమైనదే అయ్యుండాలి. కళ్ళు పోయాయని తెలిస్తే ఆవిడ చేతికి ఇంక ఎవరూ బట్ట ఇవ్వరు. అందుకని అబద్ధమాడని ఆ చేతిచేతే అబద్ధమాడించింది మా అక్క.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని కోపం కింద మార్చి అరిచాను. "రోజూ చుక్కల మందు అమ్మేవాణ్ణి తమ్ముడుగా పెట్టుకుని నాకు చెప్పవా? అది శుక్లం! పావుగంట ఆపరేషన్!"

"అందుకే చెప్పలేదు. కంట్లో కత్తి పెడతార్రా!"

"రంపంతో మనిషిని నిలువునా కోస్తుంటే టీ తాగుతూ చూశావు కదే!"

"ఆ మనిషి నేను కాదు కదరా!"

"ఇందులో భయపడ్డానికేముంది? చూడు, నాకేమైనా భయంగా ఉందా?" అన్నాను.

మూడు రోజులు బతిమాలాక ఒప్పుకుంది. వెళ్ళేముందు ఒక ప్రకటన రాయించింది: "గత తొమ్మిది సినిమాలకి ఇచ్చిన అంకెలు రద్దు. అది భయం కాదు, శుక్లం. లిఫ్టు మెకానిక్కుగారికి క్షమాపణలు." ఆ లిఫ్టాయన గంటలో జవాబిచ్చాడు. "మా అమ్మకి రెండు కళ్ళూ చేశారండీ. ఇప్పుడు నేను ఏ మూల ఊడవలేదో మంచం మీంచే చెబుతోంది. ధైర్యంగా వెళ్ళండి. మీ తమ్ముడుగారిని జాగ్రత్తగా ఉండమనండి." వీధిలో బట్టలిచ్చేవాళ్ళు కూడా ఎవరూ వెనక్కి తీసుకుపోలేదు. కన్ను బాగయ్యాకే కుట్టమ్మా అన్నారు.

పొద్దున్న ఎనిమిదింటికి కంటి ఆసుపత్రి. గోడ మీద పుచ్చకాయంత కన్ను బొమ్మ, కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. అక్క నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. నర్సు పేరు పిలవగానే సంచిలోంచి ఒక తెల్ల రుమాలూ, సూదీ దారమూ తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నేను వచ్చేదాకా కుట్టు."

"నాకు రాదు కదే!"

"ఆరో క్లాసులో నేర్పాను. మర్చిపోయానంటే తంతాను."

తలుపు మూసుకుంది. పైన ఎర్ర లైటు వెలిగింది. నేను అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టాను. లోపల ఎక్కడో పళ్ళెం కింద పడింది, సూది నా వేలిలో దిగింది. పావుగంట అయింది. లైటు ఆరలేదు. ఒక నర్సు పరుగున లోపలికి వెళ్ళింది, ఎందుకో చెప్పలేదు. అరగంట అయింది. పక్క కుర్చీలో పెద్దాయన నా చేతుల వైపు చూసి, మెల్లిగా ఒక కుర్చీ దూరం జరిగాడు.

నలభై నిమిషాలకి అక్క తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ వచ్చింది. ఎడమ కంటి మీద ప్లాస్టిక్ మూత ఉంది.

"నొప్పిగా ఉందా అక్కా?"

"ముందు రుమాలు ఇలా తే."

కుర్చీలో కూర్చుని, రెండో కన్ను కూడా మూసుకుని, అంచు పొడుగునా బొటనవేలితో తడుముకుంటూ వెళ్ళింది. పెదవులు కదులుతున్నాయి. ఒక మూల తిప్పింది, ఇంకో మూల తిప్పింది. నా నెత్తుటి మరక దగ్గర వేలు కాసేపు ఆగింది.

"యాభై రెండు," అంది చివరికి. "అన్నీ గుత్తులు గుత్తులుగా ఉన్నాయిరా."

నేను సూది గుచ్చుకున్న వేలిని జేబులో దాచుకున్నాను.

"భయం లేదన్నావు?" అంది. ఆ రుమాలు మడిచి, సంచిలో కాకుండా తన గుప్పిట్లోనే పెట్టుకుని ఇంటిదాకా వచ్చింది.