నట్టు వెంట్రుకవాసి వదలమన్నది నేనే

మా పై వాటాలో ఉండే ఫిజిక్సు సారు మొన్న మంగళవారం తెల్లారేసరికి కాలం చేసినాడు. ఒంటి మనిషి, నాకన్నా పదేండ్లు చిన్నోడు. ఏడుపు సంగతి తర్వాత, ముందు నా కోపం చెప్పుకుంటా. ఏడేండ్లు మెట్ల మీద కూచుని నా టీ తాగినాడు, నాతో వాదులాడినాడు. అచ్చయిన ఏ కాయితంలోనూ నా మాట ఎత్తలేదు. దేశదేశాల దొరలకి థాంక్సు రాసినాడు, కింద వాటావాడికి రాయలేదు.

నేను పెరంబూరు రైల్వే వర్కుషాపులో ముప్పై ఏండ్లు ఫిట్టర్ని. చదివింది అయిదో క్లాసు. తప్పులుంటే ఈ పత్రికవాళ్ళు దిద్దుకుంటారు.

లోకంలో ఉండే ప్రతి చిన్న కణానికీ కనపడని జోడీ ఒకటి ఉండాదని లెక్కలు కట్టడం సారు పని. సూపర్‌సిమెట్రీ అంటారంట. ఎవరన్నా చూసినారా అంటే, ఇంకా లేదు మేస్త్రీ అనేవాడు. చూడనిదానికి జీతమిస్తారా అంటే పడీ పడీ నవ్వేవాడు. జీతం వెదికేదానికి, దొరికేదానికి కాదు అనేవాడు.

హిగ్స్ అని ఇంకో కణం. అదీ ఈ తొంభై ఎనిమిది దాకా దొరకలేదు. దొరికితే, అది విడిపోయేటప్పుడు కొంత భాగం కనపడకుండా మాయమవుతుందేమో చూడాలంట. మా స్టోర్సులో స్పానరు తగ్గితే ఎవడో ఎత్తుకుపోయినట్టే కదా సారూ అన్నా. "ఆ దొంగ పేరే డార్క్ మాటర్, మేస్త్రీ" అన్నాడు. లోకమంతా నిండి ఉన్నా కంటికి చిక్కని సరుకంట అది.

ఒక దినం మొహం వేలాడేసుకుని దిగినాడు. ఆ జోడీల్లో తేలికైనది చెడకుండా నిలిస్తేనే డార్క్ మాటర్ అవుతుంది. దానికి ఒక నియమం గట్టిగా బిగించాల. బిగిస్తే ఆయన దారిలో న్యూట్రినో అనే కణానికి ఉండాల్సిన బరువు రాదు. వదిలితే బరువొస్తుంది, డార్క్ మాటర్ కరిగిపోతుంది. బిగించాల్నా వదలాల్నా అని తల పట్టుకున్నాడు.

"యాక్సిలు బేరింగుకి నట్టు ఎట్ల వేస్తారో తెలుసునా సారూ? పూర్తిగా బిగిస్తాం. మళ్ళా వెంట్రుకవాసి వెనక్కి తిప్పి పిన్ను కొడతాం. బిగిసిపోతే కాలిపోతుంది, ఎక్కువ వదిలితే చక్రం ఊడుతుంది."

 సారు టీ గ్లాసు మెట్టు మీదనే పెట్టి, ఒక కాలికే చెప్పుతో పైకి పరిగెత్తినాడు. మర్నాడు చెప్పినాడు, అంత కొంచెం వదిలితే కరిగేది కరుగుతుంది గానీ, అందుకు ఈ లోకం వయసు కన్నా ఎక్కువ కాలం పడుతుందంట. ఇది నాకు ముందే తెలుసు మేస్త్రీ అని కూడా అన్నాడు. తెలిసినోడు టీ వదిలి పరిగెత్తుతాడా, మీరే చెప్పండి.

ఈ ఏడాది న్యూట్రినోకి బరువుండాదని పేపర్లో పడిన దినం, సౌకార్‌పేట నుంచి జిలేబీ తెచ్చి ఇంటిల్లిపాదికీ పంచినాడు. అయితే మీ లెక్క నిజమైనట్టేనా అని అడిగినా. "కాదు, తప్పని తేలలేదు. ఈ పూటకి అది చాలు" అని ఇంకో జిలేబీ తీసుకున్నాడు.

నిన్న ఆయన శిష్యురాలు పుస్తకాలు సర్దేదానికి వచ్చింది. అచ్చుకి పోవాల్సిన ఆఖరి కాయితం చూపించి, చివరి వాక్యం నాకు అరవంలో చదివి చెప్పింది. కింద వాటా మేస్త్రీకి కృతజ్ఞతలు, నట్టు ఎంత వదలాలో నేర్పినందుకు అని ఉండాదంట.  ఏడేండ్ల కోపం ఆడనే దిగిపోయింది. కానీ ఆయనతో కలిసి రాసిన ఇంకో ప్రొఫెసరు, ఫిట్టరు మాట సైన్సులో నవ్వులాటగా ఉంటుంది, తీసేద్దాం అన్నాడంట.

అయ్యా ప్రొఫెసరుగారూ, ఈ పత్రిక మీ బల్ల మీద నేనే పెట్టొస్తా. నా కోసం అడగలేదని అబద్ధమాడను, నా కోసమే. అయినా అది ఆయన చేత్తో రాసిన మాట. ఆయన లేడు కాబట్టే కదా కొట్టేసేదానికి చెయ్యి లేస్తా ఉండేది? కాయితం పద్దెనిమిదో తేదీ పోస్టు చేస్తారంట. పదిహేడు, గురువారం సాయంత్రం అయిదు లోపల మా మెట్ల కాడికి రండి. ఉంచినారా, కొట్టేసినారా, నా మొహం చూసి చెప్పండి.