అరగని టైరు

కొన్నేళ్లుగా నేను ప్రార్థనలో ఒక చోటికి వచ్చి ఆగిపోతున్నాను. మిగతా పాపాలన్నీ పేరుపేరునా ఒప్పుకుంటాను. ఆ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి, తెలిసీ తెలియక చేసినవి క్షమించు ప్రభువా అని కలిపేసి ఆమెన్ అంటాను. అది తెలియక చేసింది కాదు. బ్లేడు పట్టుకుని, కాలవ గట్టున కూర్చుని, తీరిగ్గా చేసింది. మీకు చెబుతున్నాను. నా పేరు రాయడం లేదు. టైరు అన్న మాట చూడగానే మీలో కొందరికి నేనెవరో తెలిసిపోతుంది. తెలియనివ్వండి.

మాది వైరా. నేను సువార్త పని చేస్తాను. తల్లాడ, ఏన్కూరు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం దాటి, అడవి పల్లెల్లోని చిన్న సంఘాల దాకా వెళ్లి వాక్యం చెప్పి రావడం నా పని. బస్సులు పట్టుకుని తిరగలేకపోతున్నానని మా సంఘం వాళ్లు కలిసి నాకొక మోటార్ సైకిల్ కొనిచ్చారు. దూరప్రయాణాల బండి. దానికి టూరింగ్ టైర్లు. మెత్తటి రబ్బరు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది కానీ తొందరగా అరుగుతుంది. ఇవి కాస్త గట్టి రబ్బరువి, ఎక్కువ దూరం వస్తాయి. అయినా వెనక టైరు పదిహేను వేల కిలోమీటర్ల దగ్గర మార్చుకోవాల్సి రావచ్చని అమ్మినతను ముందే చెప్పాడు.

నాది పదిహేను వేలు దాటింది. ఇరవై కూడా దాటింది. గాడులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

అక్కడిదాకా నిజం. ఎందుకు అరగలేదో కూడా నాకు తెలుసు. నేను నిదానంగా నడుపుతాను. సడన్ బ్రేకు వేయను. వెనక ఎవరినీ ఎక్కించుకోను, సామాను ఒక్క సంచే. వారానికోసారి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకుంటాను. బండిని ఎండలో పెట్టను. అప్పటికి మా దారిలో చాలా భాగం కొత్తగా వేసిన రోడ్డు. ఇవన్నీ కలిస్తే ఏ టైరైనా నాలుగు రోజులు ఎక్కువే వస్తుంది. కానీ తల్లాడ ప్రార్థన కూడికలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు వీటిలో ఒక్కటీ చెప్పలేదు. అరణ్యంలో నలభై ఏళ్లు నడిచిన జనం కాళ్ల చెప్పులు అరగలేదని బైబిలు వాక్యంలో ఉంది కదా, అది చెప్పి, నా టైరు సంగతి చెప్పాను. దేవుని పని మీద తిరిగే చక్రాన్ని ఆయనే కాపాడుతున్నాడన్నాను. స్తోత్రం, స్తోత్రం అని కూడిక జరిగే రేకుల షెడ్డు మారుమోగింది. గాలి సంగతి ఆ రోజే కాదు, ఆ తర్వాత ఎన్ని చోట్ల చెప్పినా ఒక్కసారి కూడా నా నోటి వెంట రాలేదు.

కూడిక అయ్యాక జనం బండి చుట్టూ చేరారు. కొందరు టైరును ముట్టుకుని చూశారు. ఒక పెద్దమ్మ, మా ఆయన చెప్పులకు గూడ జర ప్రార్థన చెయ్యి అయ్యగారూ, నెలకో జత తెంపుతుండు అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు బాగుంది. నిజం చెప్పాలంటే, వాక్యం చెప్పినప్పుడు రాని పేరు నాకు టైరు వల్ల వచ్చింది. అయ్యగారూ, టైరు సాక్ష్యం చెప్పండి అని అడిగి పిలిచేవారు.

తర్వాత టైరు అరిగింది.

గాడుల అడుగున చిన్న చిన్న దిమ్మెలుంటాయి. పై రబ్బరు అరిగి వాటితో సమానమైతే ఇక మార్చేయాలని గుర్తు. ఒకరోజు బండి తుడుస్తూ చూశాను. సమానమయ్యాయి. సూటి రోడ్ల మీద తిరిగిన టైరు కదా, నడుమ భాగం పలకలా చదునైపోయింది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? ఇంత కాలం కాపాడావని దేవునికి కృతజ్ఞత చెప్పాలని కాదు. వచ్చే ఆదివారం జూలూరుపాడులో ఏం చెప్పాలి అని.

వైరాలో మార్పించలేదు. అక్కడ అందరూ తెలిసినవాళ్లే. ఖమ్మం వెళ్లి, అదే కంపెనీది, అదే గాడుల అచ్చుది వేయించాను. పాతదాన్ని దుకాణంలోనే వదిలేశాను. తిరిగి వస్తూ కాలవ గట్టున ఆగాను. కొత్త టైరుకు వెంట్రుకల్లాంటి రబ్బరు ముళ్లుంటాయి. చూసినవాళ్లకు కొత్తదని ఇట్టే తెలిసిపోతుంది. గడ్డం గీసుకునే బ్లేడుతో వాటిని ఒక్కొక్కటే కోసేశాను. పైనున్న రంగు గీతలను రాయితో గీకేశాను. బురదలో అటూ ఇటూ నడిపాను. తరువాత ఇంటికి వెళ్లి, చేతులు కడుక్కుని, భోజనం ముందు ప్రార్థన చేశాను.

ఎందుకు చేశాను? ఏన్కూరు దగ్గర ఒకతను నా సాక్ష్యం విని తాగుడు మానేశాడు. టైరు అరిగిందని తెలిస్తే మళ్లీ మొదలుపెడతాడేమో, అతని కోసమే దాచాను, అని నాకు నేను చెప్పుకున్నాను. కొంతకాలం నమ్మాను కూడా. కానీ అతను గుర్తుకొచ్చింది బ్లేడు పని అయ్యాక. అంతకుముందు కాదు.

ముత్తయ్య సంగతి ఇప్పుడు చెప్పాలి. ఈ పేరు నేను పెట్టింది, అసలు పేరు వేరే. గోదావరి అవతల అడవి పల్లెలో ఉంటాడు. కోయవాడు. సొంత పొలం పని చేసుకుంటూనే చుట్టుపక్కల గూడేల్లో ప్రార్థనలు నడిపేవాడు. పాత బండి. వెనక భార్య మరియమ్మ, ముందు బియ్యం మూట, కింద కంకర దారి. చేతి పంపుతో కొట్టిన గాలి. అలాంటి బండికి టైరు ఎన్నాళ్లు ఆగుతుంది? నాకు తెలియదా?

నేను టైరు మార్చిన తర్వాతి ఎండాకాలంలో వాళ్ల గూడేనికి వెళ్లాను. మధ్యాహ్నం కూడిక అయిపోయింది. ముత్తయ్య నన్ను తన బండి దగ్గరికి తీసుకెళ్లి, వెనక చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గీడ సూడున్రి అయ్యగారూ. గోరు గూడ దిగుతలేదు. బోడైంది."

చూశాను. గాడి అన్నది లేదు.

"మార్చుదామని భద్రాచలం పోయిన. దుకాణం కాడి దాంక పోయి మర్లొచ్చిన. మీ టైరు యాదికొచ్చింది. నాది గిట్ల అరిగిందంటే, నా విశ్వాసంల ఏమన్న తక్కువున్నట్టా?"

గుమ్మంలో చేట పట్టుకుని కూర్చున్న మరియమ్మ తలెత్తకుండానే అంది: "దేవునికి నీ టైర్లు సూసుకునుడే పనా? కొత్తది ఎయ్యి. ఎనక కూసునేది నేను."

ముత్తయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే చెప్పేయొచ్చు. నాది కూడా మార్చిన ముత్తయ్యా, ఖమ్మంల మార్చిన, నువ్వు గూడ మార్చు. అంతే కదా. ఆ ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

"ప్రార్థన చేస్కో ముత్తయ్యా. నీ మనసుకేది తోస్తే గది చెయ్" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. "మీరైతే మార్చలే గద?"

"మార్చలే."

ఆ ఒక్క మాట. సాక్ష్యంలో చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. గుంపులో చెప్పింది గొప్పకు చెప్పాను. ఇది ఒక మనిషి కళ్లలోకి చూసి చెప్పాను.

తొలి వానలకు దారంతా తడిసి, ఆకులు పడి ఉంది. కల్వర్టు దగ్గరి మలుపులో ముత్తయ్య బండి వెనక చక్రం జారింది, అదే బోడి టైరు. ముత్తయ్యకు చెయ్యి విరిగింది. మరియమ్మ తల కల్వర్టు గోడకు తగిలింది. నేను భద్రాచలం దవాఖానాకు చేరేసరికి ఆమె లేదు.

ముత్తయ్య నన్ను చూసి ఏడవలేదు. "ఆ మలుపు కాడ టైరు యాదికొచ్చింది అయ్యగారూ," అన్నాడు. "జారుతదేమో అనుకున్న. అనుకున్న, జారింది. నేను సందేహపడ్డ."

నేను అతని తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. ఏం ప్రార్థించానో గుర్తులేదు. ఎంత బాగా ప్రార్థించానో గుర్తుంది. పక్క మంచం వాళ్లు కూడా ఆమెన్ అన్నారు.

ఆ తర్వాత నేను టైరు సాక్ష్యం మానేశాను. మానేస్తే సరిపోతుందనుకున్నాను. కానీ ముత్తయ్య తనది మొదలుపెట్టాడు. ఏ కూడికకు పిలిచినా లేచి నిలబడి, నేను సందేహపడ్డ, అందుకే నా భార్య పోయింది, మీరు సందేహపడకున్రి అని చెప్పేవాడు. జనం కళ్లు తుడుచుకునేవారు. నేను ముందు వరుసలో తల వంచుకుని కూర్చునేవాడిని. నన్ను చూసి, తోటి దైవసేవకుని బాధకు కుంగిపోతున్నాడనుకునేవారు. అలా ఎన్నిసార్లు కూర్చున్నాను! ఒక్కసారైనా లేచానా? నేను చెప్పిన అబద్ధానికి ఆ మనిషి తన ప్రాణమంతా పెట్టి సాక్ష్యమిస్తుంటే, నేను ఆమెన్ అన్నాను.

ఈ మధ్య ఉపవాస కూడికలో అతను ఇంకో మాట చెప్పాడు. అతనికి ఒక కూతురు, చదువుకుంటోంది. ఆ పిల్లను బండి ఎక్కించుకోవడం లేదట. కాలేజీకి బస్సు దొరక్కపోతే నడిచి వెళ్తుందట. తన సందేహం బిడ్డకు తగులుతుందని భయమట. అప్పుడు నాకు కూర్చోవడం చేతకాలేదు. అలాగని లేచి చెప్పిందీ లేదు. బయటికి వెళ్లి నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే బయలుదేరి వాళ్ల గూడేనికి వెళ్లాను. ముత్తయ్య నులకమంచం వాల్చాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. టైరు అరిగింది, మార్చాను, నువ్వు అడగక ముందే మార్చాను, నువ్వు అడిగితే మార్చలేదన్నాను. కాలవ గట్టు సంగతీ, బ్లేడు సంగతీ చెప్పాను. నీ సందేహం వల్ల బండి జారలేదు ముత్తయ్యా, బోడి టైరు తడి రోడ్డు మీద ఎవరికైనా జారుతుంది అని చెప్పాను. అతని కూతురు గుమ్మంలో నిలబడి అంతా వింది.

ముత్తయ్య తన విరిగి అతికిన చేతిని రుద్దుకున్నాడు. కోపం వస్తే బాగుండుననిపించింది. రాలేదు. చివరికి, ఎండెక్కుతుంది, పోయి రాండ్రి అన్నాడు.

మా వాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. వచ్చిన సేవకుడు ప్రార్థన చేయకుండా గడప దాటడు. ఇంటివాళ్లే అడిగి చేయించుకుంటారు. నేను చెప్పులు తొడుక్కునేదాకా ఆగాను. ముత్తయ్య అడగలేదు. చేద్దామని అనడానికి నాకు నోరు రాలేదు. అలాగే బండెక్కాను.

అతను తన సాక్ష్యం మానేశాడో లేదో నాకు తెలియదు. ఆ పిల్లను బండి ఎక్కించుకుంటున్నాడో లేదో తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. నా సాక్ష్యం విన్నవాళ్లు ఎన్నో ఊళ్లలో ఉన్నారు, ఎవరెవరు ఏ టైరు మీద తిరుగుతున్నారో. అందుకే ఇది రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి చేట పట్టుకుని గుమ్మంలో కూర్చున్న మనిషి, ఆమె లేదు. దేవుణ్ణి అడుగుతున్నాను. జవాబు వచ్చిందని చెప్పలేను. రాని జవాబులు వచ్చాయని ఇకపై చెప్పను.

నిన్న ప్రార్థనలో మాత్రం ఆ చోట ఆగలేదు. తెలిసీ తెలియక అని కలపలేదు. ఉన్నదున్నట్టు అన్నాను. నా టైరు అరిగింది ప్రభువా. అన్ని టైర్లలాగే అరిగింది. నేను మార్చాను. మార్చలేదని చెప్పాను.