ఖాలా చేతికి తెలిసిన గంజి

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే మళ్లీ అబద్ధమే ఆడతానేమో. నా మీద నాకు అంత నమ్మకం!

డెబ్భైల మొదట్లో తాండూరులో ఉండేవాళ్లం. పక్కింట్లో మహబూబ్ బీ. నేను ఖాలా అనేదాన్ని, పిన్నీ అని పిలిచినట్టు. బొంతలు కుట్టడంలో ఆమెకు సాటి లేరు. నాకు పని నేర్పింది ఆమే. ఆమెకు కళ్లు మసకబారుతున్న రోజులవి. సూదిలో దారం నేనెక్కించి ఇస్తే, వేళ్లతో తడుముకుంటూ వంకర లేకుండా కుట్టేది. బొంత అడుగున వేసే అస్తరు బట్ట సిద్ధం చేయడం మాత్రం నా వంతు.

అస్తరుకు వాడే కొత్త కోరాబట్టకు గంజి ఉంటుంది. నానబెట్టి, ఉతికి, ఆరేసి, మళ్లీ నానబెట్టాలి. బట్ట కుంచించుకుపోయేదేదో కుట్టకముందే కుంచించుకుపోవాలి. ఆ తర్వాతే రెండు ముక్కలు కలిపి కుట్టి, వాకిట్లో నాపరాళ్ల మీద పరిచి, అంచుల మీద బరువులు పెట్టి ముడత లేకుండా లాగాలి. అప్పుడే పైన చీరలు పరిచేది. ఇదంతా నాకు తెలియక కాదు.

ఆ ఎండాకాలం సుశీల అనే అమ్మాయి వచ్చింది. తొలి కాన్పు దగ్గర పడింది. తల్లి అంతకుముందే చనిపోయింది. తొలి బిడ్డను అమ్మమ్మ చీరల బొంత మీద పడుకోబెట్టాలని సుశీల ఆశ. తల్లివి రెండే చీరలు మిగిలాయట, కట్టి కట్టి పలచబడ్డవి. వాటిని ఖాలా ఒళ్లో పెట్టి వెళ్లింది.

ఆ వారం నీళ్లకు కటకట. దూరం బావి నుంచి మోసుకొచ్చినవి వంటకే చాలడం లేదు. నేనేం చేశాను? బట్ట మీద నీళ్లు చిలకరించి, మడతపెట్టి, రాయి కింద పెట్టాను. పొద్దున తీస్తే నున్నగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఖాలా దాని మీద అరచెయ్యి పెట్టి రాసింది. మళ్లీ రాసింది.

“గంజి పోనట్టుంది బిడ్డా. నానబెట్టినవా?”

“రెండుసార్లు నానబెట్టిన ఖాలా.”

“నా చేతికి గరుకు తాకుతుంది గదా.”

“ఎండకు గట్ల అయింది. నువ్వు ఫికర్ చేయకు.”

ఆమె కాసేపు చెయ్యి తీయలేదు. “నువ్వు చెప్తున్నవు గదా, సరే” అంది. సూది అందుకుంది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? రెండు రోజులు ఆలస్యమయ్యేది, అంతే. పక్కనే కూర్చుని దారం ఎక్కించి ఇచ్చాను.

బిడ్డ పుట్టకముందే సుశీల మేనత్త ఆ బొంతను ఉతికింది. అస్తరు కుంచించుకుపోయింది. పైన చీరలు ముద్దలు ముద్దలుగా లేచాయి. ముడతలు పోవాలని ఆ ఇంటివాళ్లు ఇద్దరు చెరోవైపు పట్టి లాగారు. పాత చీరలు కుట్టు కుట్టు దగ్గరా చిరిగిపోయాయి. ఆ బొంతను తెచ్చి ఖాలా వాకిట్లో పడేశారు. సుశీల నిండు గర్భంతో నాపరాళ్ల మీద కూర్చుని, చిరిగిన ముక్కలు ఏరుకుంటూ ఏడ్చింది. మళ్లీ కుట్టి ఇద్దామన్నా ఇంకో చీర లేదు.

ఇట్లెందుకైందని మేనత్త నిలదీసింది. ఖాలా తల నా వైపు తిరిగింది. దొంగకు తేలు కుట్టినట్టు ఉంది నాకు. ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు.

“ఖాలాకు కండ్లు మంచిగ కనిపిస్తలేవమ్మా” అన్నాను.

అన్నాను. ఈ నోటితోనే.

ఖాలా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. “నానబెట్టిన బట్టను గంజిబట్ట అనుకున్న. గిప్పుడు కుట్టు కూడ చెడగొట్టిన. నా చెయ్యి పాడైంది బిడ్డా” అంది. ఆ తర్వాత ఆమె దగ్గరికి ఎవరూ పని తేలేదు. తెచ్చినా చేసేది కాదు. పెద్దేముల్‌లో తమ్ముడింటికి వెళ్లిపోయింది.

ఎందుకన్నాను? నీళ్లు లేక అని నాకు నేను చెప్పుకున్నాను చాలా ఏళ్లు. నానబెట్టకపోవడానికి నీళ్లు లేవు, సరే. నిజం చెప్పడానికి నీళ్లెందుకు?

ఒకసారి పెద్దేముల్ వెళ్లాను, చెప్పేయాలనే. అప్పటికి ఆమెకు చూపు పూర్తిగా పోయింది. నా గొంతు గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. నా చీర కొంగు వేళ్లతో తడిమి, “కొత్తదా, పాతదా? నువ్వే చెప్పు. నా చెయ్యిని నేను నమ్మ” అంది. కళ్లు పోయిన మనిషికి మిగిలింది ఆ చేతులే కదా. వాటిని కూడా నేనే లాక్కున్నాను. “కొత్తదే ఖాలా” అన్నాను. చాయ్ తాగి, బస్సెక్కి వచ్చేశాను.

మొన్న కబురొచ్చింది, ఖాలా పోయిందని. ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఏమీ లేదు. సుశీల చీరలు రావు, ఖాలా రాదు. క్షమించమని అడిగే హక్కు కూడా నాకు లేదు. అయినా పన్నెండేళ్లుగా నాలుక మీద ఉన్న మాట ఒక్కసారైనా బయట పడాలి.

గంజి ఉంది ఖాలా. నేను నానబెట్టలేదు. నీ చేతికి తాకిన గరుకు నిజమే.